కిట్టు మీద గీత, కణం మీద పట్టు

(డిసెంబరు 1, ప్రపంచ ఎయిడ్స్ దినం నాడు బరంపురంలో తెలుగువారి సభలో, ఆశా కార్యకర్తలు, నర్సింగ్, డిగ్రీ విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, గొంతు పెంచుతాను. ముప్పయ్యేళ్ళు క్లాసులు చెప్పిన గొంతు, మైకు లేకపోయినా ఫర్వాలేదు.

ఇందాక టీ తాగుతుంటే ఒక నర్సింగ్ అమ్మాయి వచ్చి అడిగింది. "సార్, కరోనా అప్పుడు యాంటీబాడీలు ఉన్నాయంటే హమ్మయ్య అనుకున్నాం. హెచ్‌ఐవీకి యాంటీబాడీలు ఉన్నాయంటే మాత్రం పాజిటివ్ అంటున్నాం. యాంటీబాడీ మంచిదా, చెడ్డదా?" అని. నేను రాసుకొచ్చిన కాగితాలు జేబులో పెట్టేశాను. ఈవేళ మాట్లాడాల్సింది దీని గురించే. యాంటీబాడీ అంటే, ఒంట్లోకి వచ్చిన క్రిమిని పట్టుకోవడానికి మన రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్.

మీలో ఆశాలు, ఏఎన్ఎమ్‌లు హెచ్‌ఐవీ పరీక్ష కిట్టు చూసే ఉంటారు. వేలి చివర పొడిచి ఒక బొట్టు రక్తం వేస్తారు, మందు చుక్కలు వేస్తారు, కాసేపటికి గీతలు వస్తాయి. ఒక గీత కిట్టు పనిచేస్తోందని చెప్పడానికి. రెండోది వస్తేనే కంగారు. ఆ రెండో గీత దగ్గర ఏముందో తెలుసా? వైరస్ లేదు. తయారీవాళ్ళు వైరస్‌లో ఉండే ప్రొటీన్ ముక్కలు కొన్ని తెచ్చి ఆ పట్టీ మీద అతికించి ఉంచారు. మన రక్తంలో వాటిని గుర్తుపట్టే యాంటీబాడీలు ఉంటే, వెళ్ళి అక్కడ పట్టుకుంటాయి, రంగు తేలుతుంది. అంటే మనం చూస్తున్నది దొంగని కాదు, దొంగ వచ్చాడని ఇంటివాళ్ళు పెట్టిన కేకని. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల మన దేశంలో మొదటిసారి హెచ్‌ఐవీని కనిపెట్టినప్పుడు కూడా వాళ్ళ పరీక్షలో తేలింది యాంటీబాడీలే.

యాంటీబాడీ కనిపించింది అంటే ఒంట్లోకి వైరస్ వచ్చిందని, రక్షణ వ్యవస్థ దాన్ని చూసిందని అర్థం. చూడటం వేరు, ఆపడం వేరు. కరోనాలో చాలామందికి ఈ రెండూ కలిసి వచ్చాయి. ఇక్కడ కలవవు. ఎందుకు కలవవు అన్నది తెలియాలంటే ముందు ఈ వైరస్ మన కణాన్ని ఎలా పట్టుకుంటుందో చూడాలి.

హెచ్‌ఐవీ చాలా చిన్నది. ఒక మిల్లీమీటరు పొడవులో ఎనిమిది, తొమ్మిది వేలు వరుసగా పడతాయి. పైన కొవ్వు పొర, అది మన కణం నుంచే ఎత్తుకొచ్చుకున్నది. ఆ పొర మీద అక్కడక్కడా కొమ్ములు. ఒక్కో కొమ్ములో మూడు జతల ప్రొటీన్లు. ప్రతి జతలోనూ పైన టోపీలా కూర్చున్నది జీపీ120, పొరలో పాతుకుని నిలబడ్డది జీపీ41. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు. పరీక్షలో అడిగితే నా పూచీ లేదు. (నవ్వులు)

ఈ కొమ్ము వెతికేది సీడీ4 అనే ప్రొటీన్‌ని. అది ఎక్కువగా ఉండేది సహాయక టీ కణాల మీద, అంటే రక్షణ వ్యవస్థలో మిగతా కణాలని నడిపించే తెల్ల రక్తకణాల మీద. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో "సీడీ4 ఎంత వచ్చింది" అని అడుగుతారు చూడండి, లెక్కపెట్టేది ఆ కణాలనే. హెచ్‌ఐవీ లోపలికి పోవడానికి సీడీ4 కావాలని 1984లోనే తేలింది. కానీ ఒక చిక్కు మిగిలింది. మనిషి సీడీ4ని తీసుకెళ్ళి ఎలుక కణం మీద పెట్టి చూశారు. వైరస్ వచ్చి అంటుకుంది, లోపలికి మాత్రం పోలేదు. ఇంకేదో కావాలి. అదేమిటో తెలియడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1996లో రెండు తోడు గ్రాహకాలు, అంటే సీడీ4తో పాటు వైరస్ పట్టుకునే కణం మీది ప్రొటీన్లు, దొరికాయి, సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4. మన దేశంలో ఎక్కువగా తిరిగేది హెచ్‌ఐవీలో 'సీ' రకం. అది చాలావరకు సీసీఆర్5నే వాడుకుంటుంది.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్తాను, అసలు సంగతి ఇక్కడే ఉంది.

జీపీ120 మీద ఒక చిన్న గుంట ఉంటుంది. సీడీ4 అంచున 43వ స్థానంలో ఉన్న ఫినైల్‌అలనీన్ అనే అమైనో ఆమ్లం వచ్చి ఆ గుంటలో కూర్చుంటుంది. 1998లో ఈ రెండూ పట్టుకుని ఉన్న స్ఫటికాన్ని ఎక్స్‌రేతో చూశారు, అప్పుడు ఈ గుంట కళ్ళకి కట్టింది. అది కూర్చున్నాక కొమ్ము ఆకారమే మారిపోతుంది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న మూడు జతలూ విచ్చుకుంటాయి. లోపల దాగి ఉన్న భాగం ఒకటి బయటికి వస్తుంది. సీసీఆర్5ని పట్టుకునేది ఆ భాగమే. రెండో పట్టు కూడా దొరికిందా, అప్పుడు జీపీ41 లేస్తుంది. దాని మొనని మన కణం పొరలోకి దింపి, తనని తాను రెండుగా మడుచుకుంటుంది. ఆ మడతకి వైరస్ పొర, కణం పొర దగ్గరికి లాగబడి ఒకటైపోతాయి. లోపలి సరుకంతా కణంలోకి దిగిపోతుంది.

దీంట్లో ఉన్న జిత్తులమారితనం చూడండి. సీసీఆర్5ని పట్టుకునే భాగమే వైరస్‌కి ఆయువుపట్టు. దాన్ని ఎక్కువగా మార్చుకోలేదు, మార్చుకుంటే తలుపు తీయలేదు. యాంటీబాడీ వెళ్ళి అక్కడ పట్టుకుంటే పని అయిపోయినట్టే. అందుకే వైరస్ దాన్ని ముందే బయటపెట్టదు. సీడీ4ని పట్టుకున్నాకే తెరుస్తుంది. అప్పటికి వైరస్‌కీ కణానికీ మధ్య సందు ఎంత ఉంటుందంటే, అంత లావు యాంటీబాడీ దూరడానికి చోటే ఉండదు.

(సభ నుంచి ఒక ఆశా కార్యకర్త: "మరి గీత వచ్చిన యాంటీబాడీలు ఎక్కడ పట్టుకుంటున్నాయి సార్?")

అదీ ప్రశ్న. అమ్మా, మీరు డాక్టరమ్మ కావాల్సినవారు. వైరస్ ఒంట్లో పడ్డాక తన మీదకి మొట్టమొదట పుట్టే యాంటీబాడీలు ఎక్కువగా జీపీ41 మీదకే పోతాయి. కానీ ఏ జీపీ41? ఈ కొమ్ములు అంత గట్టిగా కట్టినవి కావు. పైన జీపీ120 ఊడి పడిపోతూ ఉంటుంది, కింద జీపీ41 మొండెం మిగులుతుంది. అలాంటి మొండేలు, సగం విరిగిన కొమ్ములు, రక్తంలో తేలే ముక్కలు బోలెడు. మన రక్షణ వ్యవస్థకి ఎదురయ్యేది ఈ చెత్తే ఎక్కువ. దాని మీదకే యాంటీబాడీలు కుప్పలు తెప్పలుగా తయారు చేస్తుంది. కిట్టు తయారుచేసే వాళ్ళకి ఇది వరం. అందరిలోనూ తప్పకుండా పుట్టే యాంటీబాడీ కాబట్టి, జీపీ41లోని ఆ భాగాన్నే పట్టీ మీద పెడతారు. గీత చక్కగా వస్తుంది. గీత తెచ్చిన యాంటీబాడీకి మాత్రం, నిండుగా నిలబడి కణం మీదకి పోతున్న కొమ్ము కనిపించదు. అది పట్టుకునే చోటు నిండు కొమ్ములో లోపలికి పోయి ఉంటుంది.

రోగం పట్టించడానికి పనికొచ్చేది, రోగం ఆపడానికి పనికిరాదు. టీకా ఎందుకు రాలేదని నలభై ఏళ్ళుగా అడుగుతున్నవాళ్ళకి సగం జవాబు ఇందులోనే ఉంది.

ఈ మాట మీద ఉండగానే పసిపిల్లల సంగతి చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతాను. పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డకి కిట్టు పరీక్ష చేస్తే గీత వస్తుంది. వచ్చి తీరుతుంది. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వస్తాయి. ఆ గీత తల్లిది, బిడ్డది కాదు. ఏడాదిన్నర దాకా ఆ పరీక్షతో తేల్చలేం. అందుకే ఆరు వారాలకి బిడ్డ మడమ దగ్గర పొడిచి, కార్డు మీద వరసగా ఉన్న అయిదు వలయాల్లో ఒక్కోదానిలో ఒక్కో బొట్టు నింపుతారు. అందులో వెతికేది వైరస్ జన్యుపదార్థాన్నే. ల్యాబుల్లో వెనక్కి వచ్చిన కార్డులు చూశాను. బొట్టు చాలక వలయం సగమే నిండటం, ఒకదాని మీద ఇంకోటి వేయడం, తడి ఆరకుండా సంచిలో పెట్టేయడం, ఇవే ఎక్కువ. మనది సముద్రం పక్కన ఊరు, గాలిలోనే చెమ్మ. నాలుగు గంటలైనా నీడలో అడ్డంగా ఆరబెట్టండి, చెమ్మ పీల్చే పొట్లాలు సంచిలో వేయండి. ఎండలో పెట్టొద్దు. ఆ తల్లిని రెండోసారి పిలవడం ఎంత కష్టమో మీకే తెలుసు. మందులేవీ లేకపోతే, పాలు పట్టే కాలం కూడా కలుపుకుంటే, నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకి సోకుతుంది. తల్లికి మందు సరిగా పడితే అది అయిదు లోపుకి దిగిపోతుంది.

సరే, కొమ్ము దగ్గరికి వద్దాం.

నిండు కొమ్మునే పట్టుకునే యాంటీబాడీ పుట్టిందనుకోండి. అప్పుడైనా పని జరుగుతుందా అంటే, అంత తేలిక కాదు. జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెరలే. ఆ చక్కెరలు అతికించింది మన కణమే, మన సొంత ప్రొటీన్ల మీద అతికించినట్టే అతికిస్తుంది. యాంటీబాడీకి అది సొంత మనిషిలా కనిపిస్తుంది. చక్కెర లేని ఖాళీలు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలా భాగం తరచూ మారిపోయే మెలికలు. ఈ వైరస్ తన జన్యువుని నకలు రాసేటప్పుడు తప్పులు దిద్దుకోదు. మందు లేని మనిషిలో రోజుకి వెయ్యి కోట్ల వైరస్‌లు పుడతాయని లెక్క. అన్ని నకళ్ళలో అన్ని తప్పులు. యాంటీబాడీ ఒక ఆకారం నేర్చుకునేసరికి వైరస్ ఇంకో ఆకారంలో ఉంటుంది. ఒంట్లో పుట్టిన యాంటీబాడీ పోయిన నెల వైరస్‌ని ఆపగలదు, ఈ నెల వైరస్‌ని ఆపలేదు. పాజిటివ్ మనుషుల రక్తాన్ని నెలనెలా దాచి పరీక్షిస్తే ఇది స్పష్టంగా కనిపించింది.

ఇంకొకటి ఉంది, దీని గురించి మన పుస్తకాల్లో తక్కువ రాస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

యాంటీబాడీకి రెండు చేతులు. బొమ్మ మీరందరూ గీశారు, ఆంగ్ల అక్షరం 'వై' లాగా. రెండు చేతులు ఎందుకిచ్చాడు దేవుడు? సూరత్ రైల్లో తలుపు దగ్గర వేలాడుతూ వెళ్ళిన వాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, వాళ్ళని అడగండి. రెండు చేతులతో రెండు కమ్మీలు పట్టుకుంటే, కుదుపుకి ఒక చెయ్యి జారినా రెండోది ఆపుతుంది, జారిన చెయ్యి మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఒంటిచేత్తో పట్టుకున్నవాడికి ఆ వీలు లేదు. యాంటీబాడీదీ అదే కథ. ఏ పట్టూ శాశ్వతం కాదు, పడుతూ వదులుతూ ఉంటుంది. రెండు చేతులూ ఆనితే ఆ పట్టు వందల రెట్లు గట్టిపడొచ్చు. ఫ్లూ వైరస్ మీద కొమ్ములు వందల్లో, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా ఉంటాయి. ఎటు చెయ్యి చాచినా అందుతాయి. హెచ్‌ఐవీ మీద ఎన్నో తెలుసా? సగటున పద్నాలుగు. అంతే. ఒక దాని నుంచి ఇంకో దానికి ఉన్న దూరం చాలాసార్లు యాంటీబాడీ చేతులు చాచినా అందనంత. ఒకే కొమ్ములో రెండు చోట్ల పట్టుకుందామా అంటే, ఆ చోట్లు దాని చేతుల వంపుకి సరిపడేలా లేవు. ఒంటిచేత్తో వేలాడాల్సిందే. ఆ ఒక్క పట్టు దగ్గర వైరస్ చిన్న మార్పు చేసుకుందా, చెయ్యి జారిపోతుంది.

మామూలుగా ఆలోచిస్తే కొమ్ములు తక్కువుంటే వైరస్‌కే నష్టం, కణాన్ని పట్టుకోవడం కష్టం కదా అనిపిస్తుంది. నిజమే, కొంత నష్టమే. ఆ నష్టాన్ని భరించి మరీ అలా ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పమేలా బ్యోర్క్‌మన్ అనే ఆవిడ బృందం ఈ ఆలోచన మీద చాలా పనిచేసింది, రెండు చేతులూ ఆనేలా యాంటీబాడీని కొత్తగా కట్టే ప్రయత్నాలతో సహా. జీవశాస్త్రంలో ఇంత చక్కని లెక్క అరుదుగా దొరుకుతుంది.

ఇన్ని అడ్డంకులు దాటిన యాంటీబాడీలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. వైరస్ సోకి మందు లేకుండా రెండు మూడేళ్ళు గడిచిన వాళ్ళలో కొందరికి, రకరకాల హెచ్‌ఐవీలని ఆపే యాంటీబాడీలు పుడతాయి. విశాల పరిధి యాంటీబాడీలు అందాం. మొదటి తరంవి 1990లలోనే దొరికాయి, నాలుగైదు. 2009 తర్వాత వరసగా బోలెడు దొరికాయి. 2010లో ప్రకటించిన వీఆర్‌సీ01 పరీక్షించిన రకాల్లో నూటికి 90 దాకా ఆపింది. అదేం చేస్తుందో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు, సీడీ4 కూర్చునే చోట తాను కూర్చుంటుంది. సీడీ4 పట్టే భంగిమనే అనుకరిస్తుంది. వైరస్ ఏం మార్చుకున్నా ఆ చోటు పూర్తిగా మార్చుకోలేదు, మార్చుకుంటే సీడీ4 కూడా పట్టదు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు కూడా హెచ్‌ఐవీ సోకిన మన దేశపు పిల్లల రక్తం నుంచి ఇలాంటి యాంటీబాడీ వేరుచేశారు.

(సభ నుంచి: "అయితే వాళ్ళకి నయమైపోతుందా సార్?")

కాదమ్మా. ఆ మనిషికి అది పుట్టేసరికి ఆయన ఒంట్లోని వైరస్ దాన్ని తప్పించుకుని ముందుకి వెళ్ళిపోయి ఉంటుంది. ఆయనకి పనికిరాదు, వేరేవాళ్ళకి ముందే ఇస్తే పనికిరావచ్చు. అలా ఇచ్చి కూడా చూశారు. ఆఫ్రికాలో, అమెరికా ఖండాల్లో నాలుగు వేల ఆరొందల మందికి పైగా స్త్రీ పురుషులకి ఎనిమిది వారాలకోసారి వీఆర్‌సీ01 గానీ, మందు లేని ఉత్త ద్రావణం గానీ సెలైన్‌లా ఎక్కించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే సోకడం తగ్గలేదు. ఆ పేపరు చదివినప్పుడు నాకు నీరసం వచ్చింది. కానీ విడదీసి చూస్తే, ఆ యాంటీబాడీకి బాగా లొంగే రకాల వైరస్ సోకడం నూటికి 75 వంతులు తగ్గింది. లొంగని రకాలు మామూలుగానే సోకాయి. అంటే సరైన చోట పట్టుకుంటే యాంటీబాడీ మనిషిని కాపాడగలదని రుజువైంది. ఒక్కటి సరిపోదని కూడా రుజువైంది. ఇప్పుడు రెండు మూడు కలిపి ఇస్తున్నారు.

టీకా వైపు జరుగుతున్నది ఇంకా ఓపిక పని. వీఆర్‌సీ01 లాంటిది ఒక్కరోజులో పుట్టదు. యాంటీబాడీలు తయారుచేసే మామూలు బీ కణం ఒకటి మార్పు మీద మార్పు చెంది అక్కడికి చేరాలి. అలాంటి విత్తనపు బీ కణాలు మనలో చాలా అరుదు. వాటినే నిద్రలేపే ప్రొటీన్ రేణువుని తయారుచేసి 36 మందికి ఇస్తే, 35 మందిలో అవి మేల్కొన్నాయి. 2022లో ఆ ఫలితం అచ్చయింది. మేల్కొన్న వాటిని దశలవారీగా నడిపించి చివరిదాకా తీసుకెళ్ళడం ఇంకా మిగిలే ఉంది. రేపే టీకా వస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి.

వైరస్ వైపు కాకుండా మన కణం వైపు అడ్డుకునే దారి కూడా ఉంది. ఐబలిజుమాబ్ అనే యాంటీబాడీ మందుకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది పట్టుకునేది వైరస్‌ని కాదు, మన సీడీ4ని. తమాషా ఏమిటంటే, వైరస్ వచ్చి సీడీ4ని పట్టుకోవడాన్ని అది ఆపదు. పట్టుకున్నాక జరగాల్సిన విచ్చుకోవడాన్ని ఆపుతుంది. సీసీఆర్5ని కప్పే మందు మరావిరాక్, 2007ది. పుట్టుకతోనే సీసీఆర్5 జన్యువులో 32 అక్షరాలు లేని వాళ్ళుంటారు, ఉత్తర ఐరోపాలో నూటికి ఒకరికి రెండు ప్రతులూ అలాంటివే, మన దగ్గర చాలా అరుదు. బెర్లిన్‌లో 2007లో టిమొతీ రే బ్రౌన్‌కి లుకేమియా అనే రక్త క్యాన్సర్ కోసం అలాంటి దాత మూలుగ ఎక్కించారు, హెచ్‌ఐవీ కూడా పోయింది. ప్రాణాంతకమైన చికిత్స అది, లుకేమియా ఉన్నవాడికి తప్ప ఎవరికీ చెప్పకూడదు.

(సభ నుంచి ఒక యువకుడు: "సార్, మా ఏఆర్‌టీ మాత్రలు కూడా ఇలా అతుక్కోవడాన్నే ఆపుతాయా? మా అన్న సూరత్‌లో మగ్గం మీద పనిచేస్తాడు, రెండు నెలలు మాత్రలు మానేశాడు.")

బాబూ, ఇంతమందిలో అడిగావు, మంచిది. అన్న పేరు చెప్పొద్దు. ఎవరి స్థితి అయినా వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉంది, ఈ హాల్లో కూడా అది వర్తిస్తుంది.

ఆ మాత్రలు అతుక్కోవడాన్ని ఆపవు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్, మూడూ వైరస్ లోపలికి దిగాక జరిగే పనుల్ని ఆపేవి. రోజూ పడితే రక్తంలో వైరస్ పరీక్షకి కూడా అందనంతగా తగ్గిపోతుంది, అప్పుడు శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదు. కానీ వైరస్ జన్యువు కొన్ని సీడీ4 కణాల డీఎన్‌ఏలో కలిసిపోయి నిద్రపోతూ ఉంటుంది. నిద్రపోయే కణం మీద కొమ్ములుండవు. కొమ్ము లేకపోతే ఎంత గొప్ప యాంటీబాడీ అయినా దేన్ని పట్టుకుంటుంది? మాత్రకి కూడా అక్కడ పనిలేదు. మాత్ర ఆపితే, చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్ళీ లేస్తుంది.

కాబట్టి అన్నని బరంపురం వచ్చేదాకా ఆగొద్దను. సూరత్‌లోనే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళి, ఇక్కడి చికిత్స పుస్తకం నంబరు చెబితే అక్కడికి మార్చుకోవచ్చు. పుస్తకం లేదంటే 1097కి ఫోన్ చెయ్యమను, ఫ్రీ. ఏ కేంద్రంలోనూ డబ్బులు అడగరు, 2004 నుంచీ మందు ఉచితమే. వెళ్ళగానే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేయించమను. మానేసినవాడివని ఎవరైనా కసురుకుంటే పడమను, తిరిగి రావొద్దను. మాత్ర చేతికొచ్చాక ఆ పూటే మొదలుపెట్టాలి. ఇంకెవరైనా అడగాలా? ఎర్ర చీర అమ్మా, మీరు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.